ఎండకు గరుకెక్కిన మచ్చలు: ఎవరికి, ఏ చికిత్స, ఎన్ని వారాలు

మే నెల మొదటి వారంలో పశ్చిమ ప్రకాశంలోని త్రిపురాంతకం మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఊరు పదహారో అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలయ్యేసరికి పొలంలో నిటారుగా పాతిన గుంజకు నీడంటూ ఉండదు. ఆగస్టు 8 దరిదాపుల్లో మళ్లీ అంతే. రోహిణి కార్తెలో వడదెబ్బకు భయపడతాం, భయపడాల్సిందే. కానీ చర్మాన్ని లోపల్నించి చెడగొట్టే అతినీలలోహిత కిరణాలకు వేడితో పని లేదు. డిసెంబరు మధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు యాభై డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పత్తి తీసేవాళ్ల వీపుకు హాయిగా తగిలే ఆ చలికాలపు ఎండలో ఉండే కిరణాలు లండన్ నగరపు నడివేసవికి తీసిపోవు.

ఇంత ఎండలో తరతరాలుగా మిరప చేలల్లో, మార్కాపురం పలకల గనుల్లో, ఉపాధి హామీ గుంతల్లో, నల్లమల అంచున మేకల వెంట బతుకుతున్న జనానికి ఒళ్లంతా ఎండమచ్చలు ఉండాలి కదా? ఆస్ట్రేలియాలో నలభై దాటిన తెల్లవాళ్లలో నూటికి 40 నుంచి 60 మందికి ఇవి ఉంటాయని లెక్క. ఆక్టినిక్ కెరటోసిస్ అనీ, సోలార్ కెరటోసిస్ అనీ అంటారు. చర్మ క్యాన్సర్‌కు ముందు దశ. మన దేశంలోనో, మొత్తం క్యాన్సర్లలో చర్మ క్యాన్సర్ వాటా ఒక శాతం అటూ ఇటూ. ఈ తేడా మెలనిన్ అనే రంగు పదార్థం పుణ్యం. 1979లో అమెరికాలో చేసిన కొలతల్లో తెల్ల చర్మం పైపొర గుండా 24 శాతం యూవీ-బీ కిరణాలు లోపలికి దిగితే, నల్ల చర్మం గుండా 7.4 శాతమే దిగాయి. మనం ఆ రెండింటికీ నడుమ ఉంటాం.

ఈ సంగతి మన జిల్లా పశువుల్లోనే కనబడుతుంది. ఒంగోలు గిత్త వెంట్రుక తెలుపు, కింద చర్మం నలుపు; కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు ఉండేది ఆ చర్మపు రంగే. తెల్ల వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, తప్పించుకుని దిగిన కిరణాన్ని నల్ల చర్మం మింగేస్తుంది. కనురెప్పల్లో రంగు లేని హియర్‌ఫర్డ్ జాతి పశువులకు ఎండ దేశాల్లో కంటి క్యాన్సర్ ఎక్కువగా వస్తుందని పశువైద్యులకు బాగా తెలుసు.

కాబట్టి పశ్చిమ ప్రకాశంలో ఈ చికిత్సల గురించి రాసేటప్పుడు మొదట తేల్చాల్సింది ఏ మందు మంచిదని కాదు, ఇది ఎవరి జబ్బు అని. మామూలు చామనఛాయ రైతుకు అరుదు. ఆల్బినిజంతో, అంటే పుట్టుకతోనే ఒంట్లో రంగు లేకుండా పుట్టినవాళ్లకు ఇరవై ఏళ్లు నిండకుండానే వస్తుంది. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్న పిల్లలకు బడికి వెళ్లే వయసులోనే వస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లకు రావచ్చు. వీళ్లందరికీ తోడు, ఎవరూ లెక్కలోకి తీసుకోని చోటు ఒకటుంది: ఏ రంగు మనిషికైనా కింది పెదవి. పెదవి ఎరుపు భాగంలో మెలనిన్ తక్కువ, పైగా అది ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. బొల్లి మచ్చల మీదా ఏళ్ల తరబడి ఎండ పడితే ఇలాంటి గరుకుతనం వచ్చిన సందర్భాలున్నాయి. అయితే బొల్లి ఉన్నవాళ్లందరికీ చర్మ క్యాన్సర్ వస్తుందనడం తప్పు. పాశ్చాత్య దేశాల పరిశీలనల్లో వాళ్లకు ఆ ముప్పు మిగతావాళ్ల కన్నా తక్కువే తేలింది. పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికే నలిగిపోతున్న వాళ్ల నెత్తిన ఈ భయం కూడా పెట్టకూడదు.

మచ్చ ఎలా ఉంటుంది? కంటికన్నా వేలికి ముందు దొరుకుతుంది. నుదుటి మీదో, చెవి అంచునో, ముంజేతి మీదో వేలు మెల్లగా జరిపితే ఒకచోట గరుకు కాగితం తగిలినట్టు ఉంటుంది. చూస్తే అర సెంటీమీటరో సెంటీమీటరో వెడల్పున ఎర్రగా గానీ గోధుమ రంగులో గానీ పొడి పొలుసు. గోకితే ఊడుతుంది, పది రోజుల్లో అక్కడే మళ్లీ కడుతుంది. రుద్దితే చురుక్కుమంటుంది. అనుభవమున్న చర్మ డాక్టరు దీపం వెలుగులో ఎంతసేపు చూస్తారో అంతసేపూ వేళ్లతో తడుముతారు.

మన ముఖాల మీద ఇంతకన్నా ఎక్కువగా కనిపించేవి వేరే ఉన్నాయి: బుగ్గల మీద మంగు, వయసు మీద పడ్డాక వచ్చే నల్లటి అతుకుల్లాంటి మచ్చలు, మెడ మీద చిన్న చిన్న పులిపిర్లు, ఎండ పడని వాళ్లకు వచ్చే దురద దద్దుర్లు. వీటిలో ఏదీ క్యాన్సర్ ముందు దశ కాదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వీటన్నిటికీ మందుల షాపులో ఇచ్చే ట్యూబు ఒకటే, స్టెరాయిడ్ కలిసిన పూత. స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించినా, అడిగితే దొరకని ఊరు తక్కువ. ఎండమచ్చ మీద ఆ పూత రాస్తే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, నయమైపోయిందనిపిస్తుంది. కింద కణాలు తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఈ వ్యాసంలో ఏ మందు పేరు మర్చిపోయినా ఫర్వాలేదు గానీ ఈ ఒక్కటీ గుర్తుండాలి.

ఇక మచ్చ క్యాన్సర్‌గా మారే అవకాశం ఎంత అన్నది. ఆస్ట్రేలియాలోని మేరీబరో అనే ఊళ్లో జనాన్ని వరసగా పరీక్షించి 1988లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఒక్కో మచ్చ ఏడాదిలో క్యాన్సర్‌గా మారే అవకాశం వెయ్యింట ఒకటి కన్నా తక్కువ. అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగిన అధ్యయనం 2009లో కొంచెం పెద్ద అంకె చెప్పింది: ఏడాదికి 0.6 శాతం, నాలుగేళ్లకు 2.57 శాతం. అదే అధ్యయనంలో సగానికి పైగా మచ్చలు ఏడాది తిరిగేసరికి వాటంతటవే కనిపించకుండా పోయాయి కూడా. అలాంటప్పుడు చికిత్స ఎందుకని అడగవచ్చు. ఏ మచ్చ పోతుందో, ఏది ముదురుతుందో చూసి చెప్పే ఉపాయం ఎవరి దగ్గరా లేదు, అందుకు. పైగా ఒక మచ్చ ఉందంటే దాని చుట్టూ ఉన్న చర్మమంతా అదే ఎండ తిన్నదని అర్థం. ముఖం నిండా ముప్పై మచ్చలున్న ఆల్బినిజం మనిషికి ఆ చిన్న శాతం ముప్పై రెట్లవుతుంది, అదీ ఏటేటా.

ఈ అంకెలు మెత్తటి, పల్చటి మచ్చలకు. మచ్చ మొదలు గట్టిపడి గడ్డలా తగులుతున్నా, ముట్టుకుంటే నొప్పి పుడుతున్నా, నెల రోజుల్లో చూస్తుండగా పెరిగినా, రక్తం కారినా, పుండై మానకపోయినా పూత మందుల మాట పక్కనపెట్టాలి. ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి. మత్తు సూది వేసి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క తీయడానికి పది నిమిషాలు చాలు, ఫలితం సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. పాత కాలిన మచ్చ మీద ఏళ్ల తరువాత లేచి మానని పుండుదీ ఇదే దారి. అది ఎండ వల్ల వచ్చేది కాదు గానీ, మన దేశంలో పొలుసుకణ క్యాన్సర్ అనే ఈ రకం చర్మ క్యాన్సర్ పుట్టే చోట్లలో పొయ్యి దగ్గర చీర అంటుకుని కాలిన మచ్చలు, ఏళ్లుగా మానని కాలి పుండ్లు ముందుంటాయి.

పూత మందుల్లో పెద్దది 5-ఫ్లోరోయురాసిల్. 1957లో క్యాన్సర్‌కు సూది మందుగా వచ్చింది. ఆ సూది వేయించుకుంటున్న రోగుల ముఖాల మీది ఎండమచ్చలు ఎర్రబడి, మండి, తరువాత మాయమవడం 1960ల మొదట్లో డాక్టర్లు గమనించారు. అక్కడినుంచే పూతగా మారింది. మామూలుగా 5 శాతం క్రీము, రోజుకు రెండు పూటలు, రెండు నుంచి నాలుగు వారాలు.

ఈ నాలుగు వారాల్లో ఏ రోజు ఏం జరుగుతుందో రోగికి ముందే చెప్పకపోవడం వల్లనే ఈ మందు చాలాసార్లు విఫలమవుతుంది. మొదటి నాలుగైదు రోజులు ఏమీ కాదు, మందు పనిచేయడం లేదనిపిస్తుంది. మొదటి వారం చివర ఎరుపు మొదలవుతుంది. అంతవరకు కంటికి కనబడని మచ్చలు కూడా బయటపడి, మూడనుకున్నవి పదవుతాయి. రెండో వారం మంట, వాపు, పైన పక్కు. మూడో వారం చర్మం చిట్లి రసి కారుతుంది, ముఖం చూసినవాళ్లు ఏమైందని అడుగుతారు. సరిగ్గా ఇక్కడే చాలామంది ఆపేస్తారు, లేదా షాపుకెళ్లి స్టెరాయిడ్ ట్యూబు తెచ్చి దాని మీద పూస్తారు. నిజానికి మందు పనిచేస్తోందనడానికి గుర్తే అది. డాక్టరు చెప్పిన రోజుకు ఆపితే మరో రెండు మూడు వారాల్లో కొత్త చర్మం కడుతుంది. ఎరుపు నెలా రెండు నెలలు ఉంటుంది. మన రంగు చర్మంలో ఆ చోటు కొన్నాళ్లు నల్లబడి ఉండి మెల్లగా కలిసిపోతుంది. అంటే మొదటి పూత నుంచి ముఖం మామూలయ్యేదాకా రెండు మూడు నెలలు పెట్టుకోవాలి.

జాగ్రత్తలు కొన్ని. గర్భిణులు, బిడ్డకు పాలిచ్చేవాళ్లు ముట్టకూడదు. రాశాక చేతులు కడుక్కోవాలి, కళ్లకు, ముక్కు మూలలకు తగలనివ్వకూడదు. ట్యూబు కుక్కకు, పిల్లికి అందని చోట పెట్టాలి. ఈ క్రీము నాకి కుక్కలు చనిపోయిన సంఘటనలున్నాయి. మన ఇళ్లలో తలుపు దగ్గర పడుకునే కుక్కలకు ముఖం నాకే అలవాటుంటే ఆ నెల రోజులు దూరంగా ఉంచాలి.

ఇంత బాధ పెట్టే మందును ఎందుకు ముందు చెబుతున్నానంటే, ఎదురెదురు పోటీలో గెలిచింది అదే. నెదర్లాండ్స్‌లో 624 మంది మీద నాలుగు చికిత్సలను పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. చికిత్స ముగిసిన ఏడాదికి, మచ్చల్లో కనీసం మూడొంతులు తగ్గి అలాగే నిలిచినవాళ్లు ఫ్లోరోయురాసిల్‌తో 74.7 శాతం, ఇమిక్విమాడ్‌తో 53.9, కాంతి చికిత్సతో 37.7, ఇంజెనాల్‌తో 28.9. నాలుగింటిలో చౌకైనదీ అదే. అమెరికా మాజీ సైనికుల్లో జరిగిన మరో పరీక్షలో (2018) ఈ క్రీము ఒక్క విడత వాడినవాళ్లకు తరువాతి ఏడాదిలో శస్త్రచికిత్స అవసరమైన పొలుసుకణ క్యాన్సర్ 75 శాతం తగ్గింది. మచ్చ పోవడం ఒక ఎత్తు, క్యాన్సరే తగ్గడం ఇంకో ఎత్తు. నేను ఈ రెండో అంకెకే ఎక్కువ బరువిస్తాను.

నాలుగు వారాలు భరించలేనివాళ్లకు ఒక దగ్గరి దారి తేలింది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ అనే విటమిన్-డి రకం పూతను ఫ్లోరోయురాసిల్‌తో కలిపి రోజుకు రెండు పూటలు నాలుగే రోజులు రాయడం. 2017లో వచ్చిన అమెరికా పరీక్షలో ముఖం మీది మచ్చల సంఖ్య దీనితో 87.8 శాతం తగ్గింది, వట్టి ఫ్లోరోయురాసిల్ అదే నాలుగు రోజులు రాస్తే 26.3 శాతమే. ఎరుపు, మంట పది పదిహేను రోజుల్లో సర్దుకుంటాయి. రెండు మందులూ మన దేశంలో దొరుకుతాయి. చర్మ డాక్టరు చేతుల మీదుగా జరగాల్సిన పనే గానీ, కూలికెళ్తే తప్ప పూట గడవని మనిషికి నెల రోజుల మంటకూ నాలుగు రోజుల పూతకూ ఉన్న తేడా చాలా పెద్దది.

ఇమిక్విమాడ్ దారి వేరు, మన రోగనిరోధక వ్యవస్థనే మచ్చ మీదికి ఉసిగొలుపుతుంది. వారానికి రెండు రోజులు, పదహారు వారాలు. యూరప్‌లో వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు వారాలు రాసి, నాలుగు వారాలు ఆగి, మచ్చ మిగిలితే మరో విడత. మంట రాసిన చోటే వస్తుంది, కొందరికి జ్వరం వచ్చినట్టు ఒళ్లునొప్పులు కూడా. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు దీన్ని ఇచ్చేముందు వాళ్ల కిడ్నీ డాక్టరునూ అడగాలి. 3 శాతం డైక్లోఫెనాక్ జెల్ నెమ్మదైనది, మంట తక్కువ, 60 నుంచి 90 రోజులు రాయాలి, పూర్తి ఫలితం ఆపిన నెలకు గానీ తెలియదు. మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ ఇది కాదు, దాని పాళ్లు వేరు. ఇంజెనాల్ రెండు మూడు రోజుల్లో ముగిసే మందని ఎంతో పేరు తెచ్చుకుంది. రాసిన చోటే క్యాన్సర్ పెరుగుతోందన్న అనుమానంతో 2020లో యూరప్ దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా అనుమతించిన టిర్బానిబులిన్ రోజుకొకసారి ఐదు రోజుల పూత. ఎరుపు ఎనిమిదో రోజుకు పతాకస్థాయికి చేరి నెలలోపు పోతుంది. 57వ రోజున చూస్తే ఒక పరీక్షలో 44 శాతం మందికి, రెండో దానిలో 54 శాతం మందికి మచ్చలన్నీ పోయాయి. కానీ అలా పోయినవాళ్లలో సగానికి కొంచెం తక్కువ మందికి ఏడాదిలో మళ్లీ కనబడ్డాయి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు ఈ పేరు విని ఇంటికి ఫోన్ చేసి అడుగుతుంటారు. ఐదు రోజుల సౌకర్యం నిజమే, మళ్లీ రావడమూ నిజమే.

గడ్డకట్టించే చికిత్స, క్రయోథెరపీ, ప్రపంచమంతా ఎక్కువగా చేసేది. ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు. మండలాల్లోని పశువుల ఆసుపత్రుల్లో గిత్త వీర్యం స్ట్రాలను ముంచి ఉంచే పెద్ద అల్యూమినియం క్యానుల్లో పొగలు కక్కేది ఇదే పదార్థం. చర్మ డాక్టరు చిన్న స్ప్రే గొట్టంతో మచ్చ మీద కొన్ని సెకన్లు చల్లుతారు. ఎన్ని సెకన్లన్నదే ముఖ్యం: 2004లో వచ్చిన ఆస్ట్రేలియా లెక్కలో ఐదు సెకన్లలోపు గడ్డకట్టిన మచ్చల్లో 39 శాతమే నయమైతే, ఇరవై సెకన్లు దాటినవాటిలో 83 శాతం నయమయ్యాయి. ఒకరోజులో నీటిబొబ్బ లేస్తుంది, తరువాత పక్కు కడుతుంది. ముఖం మీద వారం, రెండు వారాల్లో రాలిపోతుంది, చేతుల మీద మూడు నాలుగు వారాలు, కాళ్ల మీద ఆరు వారాలకు పైగా పట్టవచ్చు.

ఒక్క రోజులో ముగిసే పని కాబట్టి దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇదే మేలనిపిస్తుంది. చామనఛాయ ముఖాల మీద మాత్రం నేను దీన్ని ముందు పెట్టను. రంగునిచ్చే మెలనోసైట్ కణాలు మైనస్ 5 డిగ్రీల దగ్గరే చచ్చిపోతాయి, మచ్చ కణాలు అంతకన్నా చాలా చలికి గానీ చావవు. కనుక మచ్చ పోయేంతగా గడ్డకట్టిస్తే అక్కడ తెల్లటి చుక్క మిగిలే అవకాశం ఎక్కువ, అది ఏళ్ల తరబడి ఉండవచ్చు. ముఖం మీద తెల్ల చుక్కను ఊరు బొల్లి అంటుంది. ఆ మాట ఎంత దూరం పోతుందో ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు. మందంగా కట్టిన ముంజేతి మచ్చకు, లేదా ఆల్బినిజం ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు, అక్కడ క్రయో చక్కగా సరిపోతుంది. గీకి కాల్చడం కూడా మందమైన ఒకటి రెండు మచ్చలకే. గీకిన ముక్కను పారేయకుండా పరీక్షకు పంపించమని అడగాలి.

కాంతి చికిత్స సంగతి క్లుప్తంగా. కాంతికి స్పందించే పూత రాసి, మూడు గంటలాగి, ఎర్ర కాంతి పట్టడం ఒక పద్ధతి. పూత రాసిన అరగంటకు రెండు గంటలు ఆరుబయట కూర్చోబెట్టడం ఇంకో పద్ధతి. రెండింట్లోనూ వారంలో ఎరుపు తగ్గుతుంది, మచ్చ మిగిలితే మూడు నెలలకు మళ్లీ చేస్తారు. వెలుతురుకు మనకు కొదవ లేదు. మందు ఖరీదు, అది దొరికే చోట్లు పెద్ద నగరాలకే పరిమితం కావడం వల్ల త్రిపురాంతకం మనిషికి ప్రస్తుతానికి అందేది కాదు.

కింది పెదవి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన రైతుకు నిజంగా రాగల ఎండమచ్చ అదే. తలపాగా నెత్తిని, వడదెబ్బ నుంచి ప్రాణాన్ని కాపాడుతుంది. ముక్కుకు, చెవి అంచుకు, కింది పెదవికి నీడ ఇవ్వదు. అంచున్న టోపీ మాత్రమే ఇస్తుంది. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు పొగాకు పండించి తోలే ప్రాంతం ఇది; చుట్ట, బీడీ, ఖైనీ ఎండకు తోడవుతాయి. మొదట పెదవి ఎప్పుడూ ఎండిపోయి పగిలినట్టుంటుంది, నెయ్యి రాసినా వెన్న రాసినా పోదు. తరువాత ఎరుపుకూ చర్మానికీ నడుమనుండే గీత చెరిగిపోతుంది, తెల్లటి పొర కడుతుంది. ఒకచోట పుండై మూడు వారాలు దాటినా మానలేదంటే ముక్క పరీక్ష తప్పదు. పెదవి క్యాన్సర్ మిగతా చర్మ క్యాన్సర్ల కన్నా మెడ గడ్డలకు తొందరగా పాకుతుంది. ముందు దశలో ఫ్లోరోయురాసిల్, ఇమిక్విమాడ్ పనిచేస్తాయి గానీ తినడం, మాట్లాడడం రెండు మూడు వారాలు కష్టమవుతుంది, ఆ రోజుల్లో కారం తగ్గించక తప్పదు. లేజరుతో పై పొర తీయడం, ఎరుపు భాగాన్ని కోసి కుట్టడం ఇంకో దారి. మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు. పొగ మానకుండా ఏది చేసినా మళ్లీ వస్తుంది.

రక్తపోటు మాత్రల్లో కలిసి వచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ ఎండను చర్మానికి ఎక్కువగా అంటిస్తుంది. ఏళ్ల తరబడి వాడిన తెల్లవాళ్లలో చర్మ, పెదవి క్యాన్సర్లు పెరగడాన్ని డెన్మార్క్ లెక్కలు చూపించాయి. పెదవి మచ్చ ఉన్నవాళ్లు తమ మాత్ర చీటీ డాక్టరుకు చూపించి వేరే మాత్ర అడగవచ్చు. సొంతంగా మాత్ర మానేస్తే పక్షవాతం పొంచి ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పాశ్చాత్య పుస్తకాల్లో దొరకని ప్రశ్న. అక్కడ చలికాలంలో చేయించుకోమంటారు. ఇక్కడ చలికాలమంటే పత్తి తీత, కంది కోత, ఆ వెంటనే జనవరి నుంచి మిరప కోతలు. రసి కారుతున్న ముఖంతో మిరపకాయ కోయడం ఎంత నరకమో ఊహించనక్కరలేదు. చేతికంటిన ఘాటు ముఖానికి తగలక మానదు. కాబట్టి చర్మ డాక్టరు దగ్గర మొదటి మాటగా మన పని రోజులు చెప్పాలి. మిరప చేలో పని ఉన్నవాళ్లు కోతలకు ముందే పూత ముగిసి కనీసం మూడు వారాలు గడిచేట్టు చూసుకోవాలి. మాఘంలో ఇంట్లో పెళ్లి ఉంటే అంతకు రెండు మూడు నెలల ముందే. ఇవేవీ కుదరకపోతే నాలుగు రోజుల కలయిక పూతే సరైన ఎంపిక, అది వాయిదా వేయడం కన్నా మేలు. ఏ చికిత్స అయినా ముగిసిన మూడు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. ఆ తరువాత మామూలు మనిషికి ఏడాదికోసారి, ఆల్బినిజం ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి, జీరోడెర్మా పిల్లలకు మూడు నెలలకోసారి, జీవితాంతం.

ఆ పిల్లల సంగతికి వస్తే మనసు భారమవుతుంది. వియన్నాలో మోరిట్జ్ కపోసి 1870లలో మొదట వర్ణించిన జబ్బు ఇది. ఎండ చెడగొట్టిన డీఎన్ఏను బాగుచేసుకునే యంత్రాంగం వీళ్ల కణాల్లో పనిచేయదని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టారు. ఆ యంత్రాంగం ఎలా నడుస్తుందో విడదీసి చూపినందుకు అజీజ్ సంజార్‌కు 2015 రసాయన నోబెల్‌లో భాగం దక్కింది. రెండేళ్లు నిండకుండా ముఖం నిండా నల్ల చుక్కలు, వెలుతురు చూడలేని కళ్లు. తొలి చర్మ క్యాన్సర్ వచ్చే సగటు వయసు తొమ్మిదేళ్లు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటేనే బిడ్డకు వస్తుంది, అప్పుడు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయి. కనుక దక్షిణాది డాక్టర్లకు ఈ అరుదైన జబ్బు అంత అరుదు కాదు. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇది రాదు, ఆ దంపతులను నిందించడం వల్ల ఒరిగేదీ లేదు. ఒక బిడ్డకు తేలాక తరువాతి కాన్పుకు ముందు జన్యు పరీక్ష గురించి చెప్పేవాళ్లు కావాలి, అంతే.

ఈ పిల్లలకూ, ఆల్బినిజం ఉన్నవాళ్లకూ పైన చెప్పిన చికిత్సలన్నీ నడుస్తాయి, కానీ ఒక్కో మచ్చను వెంటాడుతూ పోతే ఒడ్డు చేరలేరు. ఎండను ఆపడమే వాళ్లకు అసలు మందు. పత్తి తీసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల నిండుచేతుల చొక్కా తొడుక్కుని, తలకూ చెవులకూ కలిపి తువ్వాలు చుట్టుకుంటారు. డాక్టర్లు చెప్పేదీ అదే, కాకపోతే గుడ్డ ముదురు రంగులో దట్టంగా ఉండాలి. పల్చటి తెల్ల నూలు చొక్కా చెమటకు తడిస్తే దాని అడ్డు మరీ తగ్గిపోతుంది. గుడ్డ కప్పని చోటికి సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1992 నుంచి 1996 దాకా జరిగిన పరీక్షలో రోజూ రాసుకున్నవాళ్లకు పొలుసుకణ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. ముఖం, మెడలకు ఒక్కసారికి రెండు వేళ్ల పొడవునా పిండిన క్రీము, అంటే ఒక గ్రాము పైచిలుకు, పట్టాలి. రోజుకు మూడుసార్లంటే యాభై గ్రాముల ట్యూబు పదహారు రోజులకు మించి రాదు. చేతులకు కూడా రాస్తే వారం. కూలి ఇంట్లో ఒక పిల్లవాడి కోసం నెలకు రెండు నుంచి నాలుగు ట్యూబులు కొనడం ఎవరివల్లనవుతుంది?

క్యాన్సర్ అయ్యాక మాత్రం దారులున్నాయి. ఒంగోలు సర్వజన ఆసుపత్రి, మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కితే గుంటూరు ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, ఆపరేషన్‌కు ఎన్టీఆర్ వైద్యసేవ. ఆ పథకం ఆసుపత్రిలో చేరికలకు, ఆపరేషన్లకు కట్టింది. నెలనెలా ట్యూబు ఇచ్చేది కాదు. టాంజానియా మనకన్నా పేద దేశం. అక్కడ కిలిమంజారో కొండ కింద మోషి పట్టణంలో ఆల్బినిజం ఉన్నవాళ్ల కోసమే కిలిసన్ అనే సన్‌స్క్రీన్‌ను స్థానికంగా తయారుచేసి ఉచితంగా పంచుతున్నారు, తయారుచేసేవాళ్లలో ఆల్బినిజం ఉన్నవాళ్లూ ఉన్నారు. జింక్ ఆక్సైడ్, క్రీము, కలిపే యంత్రం, నాణ్యత చూసే ప్రయోగశాల: మన జిల్లాల్లో ఇన్ని ఫార్మసీ కళాశాలలుండగా ఇందులో మనకు లేనిదేమిటి? మండలానికి ఇలాంటివాళ్లు ఎందరున్నారో ఆశా కార్యకర్తలకు పేరుపేరునా తెలుసు. ఆ పేర్లు ఒక చిట్టాగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. ఇనుప మాత్రలు ఇచ్చినట్టే నెలకు సరిపడా ట్యూబులు అక్కడినుంచే ఇవ్వాలి. ఆరు నెలలకోసారి చర్మ డాక్టరు మార్కాపురం వచ్చి వాళ్లందరి ముఖాలూ చేతులూ వేలితో తడిమి చూడాలి.